లెక్కలోకి రాని మొదటి తూటా

1994 ఫిబ్రవరిలో నేను ఖతర్ రాజధాని దోహాలో ఒక ప్రైవేటు షూటింగ్ క్లబ్బు వర్క్‌షాపులో చేరాను. వీసా మీద నా ఉద్యోగం మెకానిక్. క్లబ్బు కాగితాల్లో లోడింగ్ టెక్నీషియన్. తూటాలు నింపే పని అని గుడివాడకు ఉత్తరం రాస్తే, మా అమ్మ పాస్టరు గారితో చెప్పి ప్రతి ఆదివారం నా కోసం ప్రార్థన పెట్టించింది. తర్వాతి ఉత్తరంలో ‘రోజంతా తూకం వేసే పని’ అని రాశాను. ప్రార్థన ఆగిపోయింది. రెండో మాటే నిజానికి దగ్గర.

అంతకుముందు హైదరాబాదులో ఒక ఫ్యాక్టరీ గేజ్ రూములో పనిచేశాను. ఇతరులు చేసిన భాగాలను కొలిచి, సరిపోయింది, సరిపోలేదు అని చెప్పడమే అక్కడ ఉద్యోగం. నేను చదివింది ఐటీఐ ఫిట్టరు. సగటు, విచలనం వంటివి కోఠీలో పాత పుస్తకాల బండి మీద కొన్న ఒక పుస్తకం ముందేసుకుని సొంతంగా నేర్చుకున్నవి. అందుకే వాటి మీద కొంచెం మోజు ఎక్కువ.

తూటా అంటే నాలుగు వస్తువులు. ఇత్తడి కేసు, దాని అడుగున నిప్పు రాజేసే ప్రైమరు, లోపల మందు, మూతి దగ్గర గుండు. ఫ్యాక్టరీలో చేసిన తూటా అన్ని తుపాకుల్లోనూ పట్టాలి కాబట్టి ఏ తుపాకీకీ సరిగ్గా అమరదు, రెడీమేడ్ చొక్కా లాగా. మేము చేసేది కొలతలు తీసి కుట్టడం. ఒకే బరువున్న కేసులను వేరుచేసి, వాటి మెడలు ఒకే మందానికి చెక్కి, మందును ఒక్కో తూటాకు విడిగా తూచి, గుండును ఆ తుపాకీకి నప్పే లోతులో కూర్చోబెడతాం. ఏ మందు, ఎంత అని ఇక్కడ రాయను. అది ఆ తుపాకీకీ మాకూ మధ్య విషయం. ఇంకో తుపాకీలో అదే కొలత చెయ్యి ఎగరగొట్టవచ్చు.

వర్క్‌షాపులో మేము ముగ్గురం. ఫోర్‌మన్ ఉస్తాద్ జమాన్, పెషావరు మనిషి, అరవై దాటినవాడు. బ్యారెల్‌ను లేత్ మీద సరిచేసి చెక్కకు అమర్చేది ఆయనే. మంచి తుపాకీలో బ్యారెల్ చెక్కకు ఎక్కడా ఆనకూడదు. ఆనితే వేడెక్కినప్పుడల్లా పక్కకు నెడుతుంది. అందుకని ఉస్తాద్ ఒక రియాలు నోటును బ్యారెల్ కింద ఇటు నుంచి అటు జార్చి చూసేవాడు. నోటు ఎక్కడైనా తట్టుకుంటే తుపాకీ మళ్ళీ బల్ల మీదికి వెళ్ళేది. ఆయన తర్వాత నేను. నా తర్వాత జగిత్యాల వైపు నుంచి వచ్చిన సత్తయ్య. హోదా రేంజ్ అసిస్టెంటు. తుపాకులు తుడవడం, టార్గెట్లు నిలబెట్టడం, పికప్ నడపడం, మా ఇద్దరినీ నవ్వించడం అతని పనులు. చివరిది కాగితంలో లేదు.

ఇక్కడ రెండు నియమాల గురించి చెప్పాలి. దోహా సముద్రం ఒడ్డున ఉంది. వేసవి చివర ఏసీ గదిలోంచి బయటికి వస్తే కళ్ళద్దాలు పొగమంచు పట్టినట్టు తెల్లబడతాయి. అటువంటి గాలిలో తుడవని ఇనుము తెల్లారేసరికి ఎర్రబడుతుంది. కాబట్టి బ్యారెల్ లోపల నూనె పూయకుండా ఏ తుపాకీ గుమ్మం దాటకూడదు. ఇది మొదటి నియమం. రెండోది రేంజ్‌లో. దుఖాన్ రోడ్డులో సగం దూరం పోయి ఎడారిలోకి తిరిగితే మా రేంజ్, అంటే కాల్చి చూసే మైదానం. అక్కడ ప్రతి తుపాకీతోనూ ముందుగా రెండు తూటాలు ఇసుక దిబ్బలోకి కాల్చేవాళ్ళం. బౌలరు ఓవరుకు ముందు రెండు బంతులు పక్కన వేసుకున్నట్టు. అవి లెక్కలోకి రావు. ఆ తర్వాత కాగితం మీద అయిదు. ఆ అయిదు చిల్లులూ ఎంత దగ్గరగా ఉంటే తుపాకీ అంత మంచిది. ఆ గుంపును మా భాషలో గ్రూపు అంటారు. ప్రపంచంలో చాలా చోట్ల ఇదే పద్ధతి. రెండు నియమాలూ సరైనవే.

1996 మొదట్లో క్లబ్బు యజమాని తన కోసం ఒక తుపాకీ చేయమన్నాడు. ఆయన పెద్దకొడుకు పేరు ఖలీఫా. అక్కడి మర్యాద ప్రకారం తండ్రిని కొడుకు పేరుతో, బూ ఖలీఫా అని పిలుస్తారు. ఏటా అక్టోబరులో ఆయన మధ్య ఆసియా కొండలకు అనుమతి తీసుకుని కొండమేకల వేటకు వెళ్ళేవాడు. మనిషికి ఒక్క మేకకే అనుమతి. ఉస్తాద్ ఆ తుపాకీ మీద మూడు నెలలు కూర్చున్నాడు. నేను దానికి తూటాలు కుదర్చడానికి ఇంకో రెండు నెలలు తీసుకున్నాను. నాలుగు వందల మీటర్ల దూరంలో అయిదు గుండ్లూ ఒక టీ సాసరంత చోటులో పడ్డాయి. ఎత్తు ప్రదేశంలో గాలి పలచన, చలికి మందు నెమ్మదిస్తుంది, వాలు మీదికి కాలిస్తే గుండు పైకి పోతుంది. ఈ మూడింటికీ లెక్క కట్టి, గురి చూసే స్కోప్ ఎంత తిప్పాలో ఒక చిన్న అట్ట మీద రాసిచ్చాను. బ్యారెల్ అడుగున, చెక్క దాచే చోట, ఉస్తాద్ తన గుర్తు కొట్టాడు. ఆయన గుర్తు కొట్టగా నేను చూసింది అదొక్కసారే.

అక్టోబరు చివర బూ ఖలీఫా తిరిగి వచ్చాడు. వర్క్‌షాపు లోపలికి వచ్చి తుపాకీని బల్ల మీద పెట్టాడు. కూర్చోలేదు.

“ఉస్తాద్, నీ బ్యారెల్ మాఫీ జైన్,” అన్నాడు. బాగా లేదని.

మేక నాలుగు వందల మీటర్లలో నిలబడింది. అట్ట చూసి స్కోప్ తిప్పాడు. భుజం మీద గురి పెట్టి కాల్చాడు. గుండు వీపు మీది నుంచి పోయింది. మేక తల తిప్పి ఆయన్నొకసారి చూసి నింపాదిగా కొండ దాటింది. మరుసటి రోజు, వెంట వెళ్ళిన ఆయన బావమరిది, షాపులో కొన్న తుపాకీతో, షాపులో కొన్న తూటాతో తన మేకను కొట్టాడు. అప్పటి నుంచి ప్రతి విందులోనూ ఆ మేక తల తిప్పి చూడడాన్ని అభినయించి చూపిస్తున్నాడట.

“నా కన్నులో లోపం అంటారేమో. కన్ను బాగానే ఉంది. మేక పోయాక కోపంతో, అది నిలబడ్డ చోటు పక్కనే ఉన్న ఒక తెల్ల రాయిని కాల్చాను. రాయి పిండి అయిపోయింది,” అన్నాడు హిందీలో.

తర్వాత తీర్పు చెప్పాడు. డిసెంబరుతో ఉస్తాద్ కాంట్రాక్టు ముగుస్తుంది. దాన్ని పొడిగించరు. ఇకపై తుపాకులు యూరప్ నుంచి తెప్పిస్తారు.

ఉస్తాద్ వాదించలేదు. బూ ఖలీఫా వెళ్ళాక మాతో మాత్రం అన్నాడు: “ముసలివాడినయ్యాను, ఇంటికి పొమ్మంటే పోతాను. వంకర బ్యారెల్ చేశాడన్న మాటతో పోను. పెషావరులో నా తమ్ముళ్ళ తుపాకుల కొట్టు దాకా పోతుంది ఆ మాట.” అక్కడ వాళ్ళ కుటుంబానికి అన్నం పెట్టేది ఆ కొట్టే.

ఆ వారం ఉస్తాద్‌కూ నాకూ మధ్య మర్యాద విపరీతంగా పెరిగింది. ఎవరి అనుమానం వారిది.

“మాస్టర్ సాబ్, మీ తూటాల్లో ఒకటి తక్కువ తిని పుట్టిందేమో,” అనేవాడు ఉస్తాద్.

“తక్కువ తింటే కిందికి పోవాలి కదా ఉస్తాద్. ఇది పైకి పోయింది.”

“అయితే ఎక్కువ తినుంటుంది.”

“మీ బ్యారెల్ ఎక్కడైనా చెక్కకు ఆనుతోందేమో.”

ఉస్తాద్ జేబులోంచి రియాలు నోటు తీసి నా ముందు బల్ల మీద పెట్టేవాడు. చూసుకొమ్మని.

“గిదేం లొల్లి అన్నా,” అన్నాడు సత్తయ్య నాతో తెలుగులో. “అత్తాకోడండ్లు గిట్లనే మాట్లాడుకుంటరు. మీరు మీరు అనుకుంటనే గిన్నెలు ఇసిరికొడ్తరు.”

ఆ పెట్టెలో మిగిలిన తూటాలను విప్పి మందు మళ్ళీ తూచాను. తేడా లేదు. వేగం కొలిచే యంత్రం ముందు కాల్చాం. తేడా లేదు. రియాలు నోటు సాఫీగా జారింది. రేంజ్‌కు వెళ్ళి, రెండు తూటాలు ఇసుకలోకి వదిలి, అయిదు కాగితం మీద కాల్చాం. మళ్ళీ అదే సాసరు. తుపాకీ తప్పు కాదు, తూటా తప్పు కాదు, కన్ను తప్పు కాదు. మేక మాత్రం బతికే ఉంది.

దారి దొరికింది ఒక టీ దగ్గర. సత్తయ్య బూ ఖలీఫాను అనుకరిస్తున్నాడు. మెడ బిగించి, అరచెయ్యి గాలిలో ఆడించి, “కన్ను మస్తుగున్నది, రాయి పిండయింది,” అంటున్నాడు. నవ్వుతూ విన్న నేను నవ్వు ఆపేశాను. ఆయన రాయి సంగతి చెప్పింది కన్ను కోసం. అది బ్యారెల్‌కు కూడా సాక్ష్యమే. అదే మనిషి, అదే చోటు, అదే తుపాకీ, దాదాపు అదే దూరం. వంకర బ్యారెల్ రెండో తూటాకు ఎలా సాపు అయింది?

“సత్తయ్యా, మేకను కాల్చిన తూటాకూ రాయిని కాల్చిన తూటాకూ తేడా ఏమిటి?”

“ఒకటి మొదటిది, ఒకటి రెండోది.”

“మొదటిదానికి ముందు బ్యారెల్‌లో ఏముంది?”

సత్తయ్య గ్లాసు కింద పెట్టాడు. “నూనె. డబ్బా నేనే సర్ది ఇచ్చిన. పొద్దుగాల్నే లోపల పూయమని బూ ఖలీఫా మనిషికి మంచిగ చెప్పి పంపిన.” చెయ్యి ఊడ్చినట్టు ఆడించి, “అంటే మొదటిది ఊడ్చుకుంట పోయింది, రెండోది రాజు లెక్క పోయిందా?” అన్నాడు.

అదే అయి ఉండాలి. నూనె పూసిన బ్యారెల్‌లో గుండు నడక వేరు. అది అందరికీ తెలిసిన విషయమే. ఎంత వేరు అన్నది మాత్రం మా దగ్గర ఎక్కడా లేదు. ఎందుకంటే నూనెను ఊడ్చే రెండు తూటాలనూ మేము ఇసుకలోకే కాల్చేవాళ్ళం. అవి ఎక్కడ పడ్డాయో ఇసుక చెప్పదు.

మరునాటి నుంచి రెండు వారాల పాటు ఒక కొత్త పద్ధతి పెట్టాం. పొద్దున్నే నూనె పూసిన తుపాకీతో రేంజ్‌కు వెళ్ళడం, నాలుగు వందల మీటర్లలో కాగితం నిలబెట్టడం, ఒకే ఒక్క తూటా కాల్చడం, కాగితం చుట్టి ఇంటికి రావడం. మళ్ళీ తుడిచి నూనె. మర్నాడు అదే కాగితం, ఇంకొక్క తూటా.

“రోజుకు ఒక్క తూటా!” అని ఉస్తాద్ తల పట్టుకునేవాడు. “నా నిఖా కూడా ఇంతకంటే త్వరగా అయింది.”

రెండు వారాల తర్వాత కాగితాన్ని బల్ల మీద పరిచాను. చిల్లులన్నీ ఒక చోటే ఉన్నాయి, నడిబొడ్డున కాదు. జానెడు పైకి, నాలుగు వేళ్ళు ఎడమకు. అక్కడ అవి తమలో తాము ఒక సాసరంత గ్రూపు కట్టుకున్నాయి. ఉస్తాద్ వంగి చాలాసేపు చూశాడు.

“ఇది వంకర కాదు,” అన్నాడు చివరికి. “మొండితనం. నా పెద్దకొడుకు ఇట్లాగే ఉంటాడు.”

విరుగుడు తేలికే. కాల్చే ముందు పొడి గుడ్డ ముక్కలు రెండు మూడు బ్యారెల్‌లోంచి నెడితే చాలు. కొండల్లో గాలి పొడిగా ఉంటుంది, తుప్పు భయం లేదు. కష్టమల్లా యజమానిని నమ్మించడం. డిసెంబరు దగ్గరపడుతోంది.

“పోయి నూనె తప్పు అని చెప్పు,” అన్నాడు సత్తయ్య. “నూనె ఎవరిదని అడుగుతడు. సత్తయ్యది. అప్పుడు ఉస్తాద్ టికెట్ మీద నా పేరు రాస్తరు. మస్తు సంబురం.”

అతని మాటలో న్యాయముంది. నూనె మా నియమం. పూసింది యజమాని ఇంటి మనిషి. ఎవరి పేరు ఎత్తినా అది సాకులా వినిపిస్తుంది. పొడి గుడ్డతో తుడిచి ఆయన ముందు నడిమధ్యకు కొట్టి చూపించినా లాభం లేదు. రేంజ్‌లో మా తుపాకులు ఎప్పుడూ నడిమధ్యకే కొడతాయి. ఆయనకు చూపించవలసింది ఆ కొండ మీది తప్పును.

క్లబ్బు సెక్రటరీతో తుపాకీని తిరిగి పంపుతూ ఒక కోరిక కూడా పంపాం. ఒక శుక్రవారం పొద్దున రేంజ్‌కు రావాలి, తుపాకీని వేటకు తీసుకువెళ్ళినట్టే ఇంటి దగ్గర సిద్ధం చేయించి తేవాలి, అని. ఆయన వచ్చాడు. బావమరిదినీ వెంట తెచ్చాడు. ఆ పెద్దమనిషి తన షాపు తుపాకీని కూడా తెచ్చుకున్నాడు. కార్పెట్ పరిచారు. ఖహ్వా, అంటే అక్కడి కాఫీ, ఫ్లాస్కులో వచ్చింది. బావమరిది కూర్చుంటూనే మేక తల తిప్పడాన్ని ఒకసారి చూపించాడు. బాగానే చేస్తాడు.

నాలుగు వందల మీటర్ల దగ్గర తెల్ల రంగు వేసిన ఇనుప పలక నిలబెట్టి ఉంచాం. మనిషి ఎత్తు, అంతే వెడల్పు. సత్తయ్య బ్యారెల్‌ను వెలుగుకు పట్టి చూశాడు. లోపల నూనె తళతళలాడుతోంది. నేను పికప్‌లో పలక దాకా వెళ్ళి నల్ల రంగుతో రెండు సున్నాలు గీశాను. ఒకటి నడిమధ్య. ఇంకొకటి దానికి జానెడు పైన, నాలుగు వేళ్ళు ఎడమకు. ఒక్కొక్కటి సాసరంత.

తిరిగి వచ్చి చెప్పాను: “రెండు తూటాలు కాల్చండి. రెండిటికీ నడి సున్నా మీదే గురి పెట్టండి. మొదటిది పై సున్నాలో పడుతుంది. రెండోది నడి సున్నాలో.”

బావమరిది పకపక నవ్వాడు. “గురి ఒక చోట, దెబ్బ ఒక చోట. దానికి మళ్ళీ సున్నా గీశారు!”

బూ ఖలీఫా నవ్వలేదు. “పడకపోతే?” అన్నాడు.

నేను నోరు తెరిచేలోపే ఉస్తాద్ అందుకున్నాడు. “పడకపోతే విమానంలో నా పక్క సీటు మాస్టర్ సాబ్‌ది. కిటికీ వైపు ఆయనకే ఇస్తాను.”

రెండు వారాల కాగితం నా వైపు ఉంది. అయినా సగటు అనేది చాలా తూటాల గురించి చెబుతుంది. ఎదురుగా ఉన్న ఒక్క తూటా గురించి హామీ ఇవ్వదు.

బూ ఖలీఫా పడుకుని, ఇసుక మూట మీద తుపాకీ ఆన్చి, నిదానంగా కాల్చాడు. ఒక క్షణం తర్వాత ఇనుము మోగింది. టెలిస్కోపు దగ్గర సత్తయ్య ఉన్నాడు. పలక మీద మచ్చ వెతుకుతున్నాడు.

“ఎక్కడ సత్తయ్యా?”

“పై సున్న. గీత మీద పడ్డది, సగం లోపట సగం బయట.” తెలుగులోనే అరిచాడు. ఉస్తాద్‌కు ఒక్క ముక్క తెలియకపోయినా గడ్డం నిమురుకోవడం ఆపేశాడు.

“యల్లా, రెండోది,” అని బూ ఖలీఫా తనకు తానే చెప్పుకున్నాడు. కాల్చాడు. ఇనుము మోగింది.

“నడిమిట్ల!”

ఆయన లేచి టెలిస్కోపులో తానే చూశాడు. మళ్ళీ నూనె పూయమని సత్తయ్యకు సైగ చేశాడు. సత్తయ్య తుడిచి నూనె పూశాడు. బ్యారెల్ చల్లబడేదాకా ఖహ్వా తాగారు. మళ్ళీ రెండు తూటాలు. మొదటిది పై సున్నాలో, ఈసారి పూర్తిగా లోపల. రెండోది నడి సున్నాలో.

అప్పుడాయన బావమరిది వైపు తిరిగాడు. “నీది ఇవ్వు.”

షాపు తుపాకీకీ అదే నూనె, అదే మర్యాద. ఈసారి బావమరిదే పడుకున్నాడు. మొదటిది పలక కుడి అంచు దగ్గర. రెండోది కింద. మూడోది ఎక్కడ పడిందో సత్తయ్య చాలాసేపు వెతికాడు.

“ఇనుము మోగలే అన్నా. ఏం చెప్పమంటవ్?” అని నన్నడిగాడు.

చెప్పక్కర్లేకపోయింది. బూ ఖలీఫా మెడ తిప్పి, కొండమేక చూసినట్టు బావమరిదిని నింపాదిగా చూశాడు. కార్పెట్ మీద ఉన్నవాళ్ళంతా ఒక్కసారి గొల్లుమన్నారు. బావమరిది కూడా నవ్వాడు, కొంచెం ఆలస్యంగా.

“ఉస్తాద్, బ్యారెల్ జైన్. నూనె మాఫీ,” అన్నాడు బూ ఖలీఫా. బ్యారెల్ మంచిదే, నూనె వద్దని. నూనె ఎవరు పూశారని అడగలేదు. ఆ నెలాఖరులో ఉస్తాద్ కాంట్రాక్టు రెండేళ్ళు పొడిగించారు. వసంతంలో ఇంకో తుపాకీకి ఆర్డరు వచ్చింది. బావమరిది కోసం.

మరుసటి అక్టోబరులో బూ ఖలీఫా తనతో సత్తయ్యను కొండలకు తీసుకువెళ్ళాడు. పని ఒకటే, పొద్దున పొడి గుడ్డ నెట్టడం. మేక మూడు వందల యాభై మీటర్లలో ఒక్క తూటాకు పడింది. రెండోది అవసరం కాలేదు. సత్తయ్య అక్కడి మంచులో నిలబడి ఫోటో తీయించుకుని ఊరికి పంపాడు. గల్ఫ్ అంతా ఊరివాళ్ళకు దుబాయే. దుబాయ్‌ల మంచు ఎప్పటి సంది పడుతున్నదని సర్పంచి అడిగిండని మాకు చెప్పి రెండు రోజులు నవ్వాడు.

వర్క్‌షాపులో మారింది ఒక్క విషయం. ఇసుకలోకి రెండు తూటాలు వదలడం మానేశాం. ప్రతి తుపాకీకి రెండు కాగితాలు పెట్టాం. ఒకటి అయిదు తూటాల గ్రూపుకు. రెండోది మొదటి తూటాకు మాత్రమే, వేటగాడి చేతికి తుపాకీ ఏ స్థితిలో అందుతుందో అదే స్థితిలో కాల్చినదానికి. ఉస్తాద్ మొదటి కాగితం చూసి తుపాకీని మెచ్చుకునేవాడు. రెండోది చూశాక గుమ్మం దాటనిచ్చేవాడు.

నేను నేర్చుకున్నది ఇంతే. ప్రతిసారీ ఒకే చోట పడే తప్పును సరిదిద్దవచ్చు. చోటు మార్చుకునే తప్పును ఏమీ చేయలేం. ఏ కొలత చేతికి వచ్చినా, సగటు కట్టే ముందు దానిలోంచి ఏది తీసి పక్కన పెట్టారో అడగాలి. మా విషయంలో పక్కన పెట్టింది వేటగాడికి కావలసిన ఒక్క తూటానే.